సహృదయత్వము ద్విష్ఠము
(ఆటిజము గలవారికిని లేనివారికిని నడుమ హృదయసంవాదమును గూర్చిన విమర్శనము)

కావ్యమునందు రసమెట్లు నిష్పన్నమగునను ప్రశ్నమునకు సమాధానము చెప్పుచు నాలంకారికులు కవిని మాత్రమే చూపి యూరకుండలేదు; సామాజికునిఁగూడ నందుఁ జేర్చిరి. ఇరువుర హృదయములును సంవదించినఁగాని రసము లేదని వారి సిద్ధాంతము. అట్టి సంవాదమునకుఁ దగిన హృదయము గలవాఁడు సహృదయుఁడు. ఈ ప్రశ్నమే పాశ్చాత్యదేశముల మనశ్శాస్త్రమున నెనుబదియేండ్లకుఁ బైగా వేఱొక రూపమునఁ జర్చింపఁబడుచున్నది. ఆటిజము గలవారు పరహృదయము నెఱుఁగఁజాలరనియు, కావున వారికిని దక్కినవారికిని స్నేహానుబంధము కుదురదనియు నొక పక్షము. కుదురనిచోట లోప మిరువురి నడుమ నున్నదిగాని యొక్కరియందే లేదని వేఱొక పక్షము. ఈ రెండవదానిని 2012వ సంవత్సరమున ఇంగ్లండునందలి సామాజికశాస్త్రజ్ఞుఁడు, తానును ఆటిజము గలవాఁడు నగు డామియన్ మిల్టన్ ‘ద్వంద్వ సమానుభూతి సమస్య’ యను పేరఁ బ్రతిపాదించెను.

ఈ రెండు పక్షములను శబ్దశాస్త్రాలంకారశాస్త్రముల యొఱపురాతిపై నొరసి చూచుట ప్రకృతవ్యాసమునకు విషయము. ఇది కేవలము వాదకుతూహలము గాదు. గురువు మొగమువంకఁ జూడని బాలుఁడు ప్రేమ లేనివాఁడా, లేక యితరులు చదువనేరని లిపిలోఁ దన ప్రేమను వ్రాయువాఁడా యనునది దీనివలనఁ దేలవలసియున్నది.

౧. పదవిచారము

ఆటిజమను పదమునకు మూలము ‘తాను’ అను నర్థముగల గ్రీకు శబ్దము. స్విట్జర్లాండు వైద్యుఁడు యూజెన్ బ్లాయ్‌లర్ 1911వ సంవత్సరపు గ్రంథమున దీనిని వేఱొక మనోవ్యాధియందలి యొక లక్షణమునకు, అనఁగా లోకమునుండి మరలి తనలోఁ దానుండుటకు వాడెను. బాల్టిమోరునందలి లియో కానర్ 1943వ సంవత్సరమునఁ బదునొకండుగురు బాలబాలికల స్థితిని వర్ణించుచు నీ పదమునే గ్రహించెను. ఇట్లొక యర్థమునఁ బుట్టిన పదము వేఱొక యర్థమునకుఁ బోయినను మొదటి వాసనను విడువలేదు.

హిందీయందు దీనికి ‘స్వలీనత’ యని సంస్కృతపదము కల్పింపఁబడినది. ‘స్వస్మిన్ లీనః’ అని విగ్రహము. లీధాతువునకు శ్లేషణ మర్థము. తన్నుఁ దానంటుకొనియుండువాఁడని యవయవార్థము. పదము వ్యాకరణరీత్యా సాధువే. కాని పేరు పెట్టుటతోడనే తీర్పుకూడఁ జెప్పఁబడినది. పేరు వినినవారు పరీక్షింపకయే ‘వీఁడు తనలోఁ దాను మునిఁగినవాఁడు, పరుల నెఱుఁగఁడు’ అని తలంతురు. రూఢిశబ్దములందు యోగార్థమును వెదకరాదని శాస్త్రమర్యాద. మండపము గంజి త్రాగదు. అశ్వకర్ణమను చెట్టునకు గుఱ్ఱపుచెవి లేదు. అట్లే ఆటిజమనునది యొక స్థితికి సంకేతముగాఁ గైకొనఁదగినదే కాని, యా పదముయొక్క వ్యుత్పత్తిని మనుష్యుని స్వభావమునకు సాక్ష్యముగాఁ జూపరాదు. ఈ హేతువుచేతనే యిచ్చట వాడుకలోనున్న ఆటిజమను పేరే గ్రహింపఁబడినది.

సమానుభూతియను నర్థమున ఆంగ్లేయులు వాడు ‘ఎంపతీ’ పదముయొక్క చరిత్రము మఱియు విచిత్రము. జర్మను సౌందర్యశాస్త్రజ్ఞులు చిత్రశిల్పాదులందుఁ జూపఱి హృదయము ప్రవేశించుటకుఁ బెట్టిన పేరును టిచెనర్ అను మనశ్శాస్త్రజ్ఞుఁడు 1909వ సంవత్సరమున ఆంగ్లభాషలోనికిఁ దెచ్చెను. అనఁగా నీ భావము పుట్టినది వైద్యశాలలోఁ గాదు, కళావిమర్శలో. కావున నలంకారశాస్త్రమునకు నీ వివాదమునఁ బలుకుట కధికారము గలదు.

౨. పూర్వపక్షము

కానర్ తన వ్యాసమున నీ పిల్లలు ఇతరులతో సహజముగాఁ గలుగు భావసంపర్కమును పొందు శక్తి పుట్టుకతోడనే లేనివారని నిర్ణయించెను. మఱుసటి యేఁడు, 1944లో, వియన్నాయందు హాన్స్ ఆస్పెర్గర్ యించుమించుగా నిట్టి బాలురనే వర్ణించెను. పిమ్మట 1985వ సంవత్సరమున బారన్‌కోహెన్, లెస్లీ, ఫ్రిత్ అను మువ్వురు ప్రకటించిన ప్రయోగమీ పక్షమునకుఁ బ్రధానావలంబమైనది.

ఆ ప్రయోగ మిట్టిది. రెండు బొమ్మలు. ఒకటి తన గోళీని బుట్టలోఁ బెట్టి వెడలిపోవును. రెండవది దానిని దీసి పెట్టెలో దాఁచును. మొదటిది తిరిగివచ్చి గోళీ నెచ్చట వెదకునని పిల్లల నడుగుదురు. బుట్టలో ననుట సరియైన యుత్తరము. ఏలయన నా బొమ్మకు మార్పు తెలియదు. ఆటిజముగల యిరువదిమందిలోఁ బదునాఱుగురు తప్పిరి. డౌన్ సిండ్రోము గల పదునలువురిలోఁ బండ్రెండుగురు, తక్కిన బాలురు 27 మందిలో 23 మంది సరిగాఁ జెప్పిరి. దీనినిబట్టి ఆటిజము గలవారికిఁ బరచిత్తజ్ఞానము లేదను వాదము ప్రబలెను. బారన్‌కోహెన్ 1995వ సంవత్సరపు తన గ్రంథమునకు ‘మనోంధత్వము’ అను నర్థమిచ్చు పేరే పెట్టెను.

ప్రయోగము నేర్పుతోఁ గూర్పఁబడినదే. దోషమెల్ల దానినుండి తీసిన ఫలితార్థమునఁ గలదు. మొదటిది, ఇరువదిమందిలో నలువురు సరిగాఁ జెప్పిరి గదా; లక్ష్యములో నైదవవంతునందు లేని ధర్మము లక్షణమగునేని యవ్యాప్తిదోషము తప్పదు. రెండవది, ఇచ్చటఁ బరీక్షింపఁబడినది జ్ఞానము, భావము గాదు. గోళీ యెచ్చటనున్నదని పరుఁడు నమ్మునో యూహింపలేనివాఁడు, ఆ పరుఁ డేడ్చినప్పుడు దుఃఖింపఁడని యెట్లు సిద్ధించును? తల్లి మనస్సులోని యాలోచన నెఱుఁగని పసిబిడ్డ తల్లిని ప్రేమింపదా? మూఁడవది, పరీక్షకుఁ బెట్టఁబడినది యొక్క పక్షమే. ఆటిజము గలవారి మనస్సును దక్కినవారెంతవఱకు గ్రహింతురని యడుగుట కెవ్వరికిని చిరకాలము తోఁపలేదు. ఈ మూఁడవదే మూలదోషము.

౩. షష్ఠీవిభక్తి చెప్పు పాఠము

సంబంధము ద్విష్ఠమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఒక్కదానియందే యుండు సంబంధము లేదు. ‘రాజ్ఞః పురుషః’ అనుచో స్వామిభృత్యభావరూపమగు సంబంధము రాజునందును గలదు, భటునియందును గలదు. ఐనను శేషార్థమునఁ బాణిని విధించిన షష్ఠీవిభక్తి రెండు పదములకును రాదు. విశేషణమగు రాజశబ్దమునకే వచ్చును. భటుఁడు ప్రధానముగా వివక్షితుఁడు గావున విభక్తిచిహ్నము లేకయే ప్రథమయందు నిలుచును. సంబంధ మిరువురిది, చిహ్న మొక్కరిది. తెలుఁగునందును ‘రాముని యిల్లు’ అనునప్పు డిదియే స్థితి.

ఇప్పుడు ప్రకృతమున కన్వయింపవలెను. ఇరువురు కలిసి మాటలాడి యొకరి హృదయ మొకరు గ్రహింపలేకపోయిరి. ఈ యసంవాదము సంబంధరూపము గావున నిరువురియందు నున్నది. కాని లోకమున సంఖ్యచేత నధికులైనవారు తమ్ముఁ బ్రధానముగాఁ జేసికొని, వైకల్యచిహ్నమును రెండవవానికే తగిలించిరి. షష్ఠి రాజశబ్దమున మాత్రమే వినఁబడినంతమాత్రమున సంబంధము భటునియందు లేదనువాఁడు వైయాకరణుఁడు గాఁడు. చిహ్న మొక్కచోటఁ గనఁబడినదని లోపముకూడ నచ్చటనే యున్నదనుట యట్టి యవివేకమే. మిల్టన్ తన వ్యాసమున లౌకికభాషతోఁ జెప్పినదాని సారమింతియే: ఆటిజము గలవారికి దక్కినవారి భావములు దురవగాహములగుట నిజమైనచో, దక్కినవారికి వారి భావములు దురవగాహములగుటయు నంత నిజము.

ఈ మతమునకుఁ బూర్వాచార్యులు లేకపోలేదు. ఆటిజము గలవారు నెలకొల్పిన సంఘముయొక్క పత్రికలో 1993వ సంవత్సరమున జిమ్ సింక్లెయిర్ తల్లిదండ్రుల నుద్దేశించి వ్రాసిన ప్రసిద్ధవ్యాసమున, బిడ్డకును దల్లిదండ్రులకును సమానమైన సంకేతములున్నవని ముందుగాఁ దలంచుటయే విఘాతహేతువనియు, పరదేశమునకుఁ బోయినవాఁడు భాష నేర్చినట్లు నేర్చినచో సంపర్కము సాధ్యమనియుఁ జెప్పఁబడినది. మిల్టన్ చేసినది దానికి శాస్త్రరూప మిచ్చుట.

౪. అనుభావములు వ్యభిచరించుట

చిత్తవృత్తి కంటికిఁ గనఁబడదు, అనుభావములచే నూహింపఁబడును. కాని యేకానుభావము ననేకభావములకుఁ జెందును. కన్నీరు శోకమువలనను, హర్షమువలనను, పొగవలనను, నేత్రరోగమువలనను గలుగును. కావుననే యభినవగుప్తుఁడు రసవిఘ్నములను లెక్కించుచు సంశయయోగము నందొకటిగాఁ జేర్చెను.

కన్నులు దించుకొనుట యెట్టిదో చూడుఁడు. తెలుఁగు గృహములలోఁ బెద్దలముందుఁ గన్నులు దించుకొనుట వినయముగా నెన్నఁబడుచు వచ్చినది. తప్పుచేసినవాఁడు దించుకొనిన భయమగును. కొత్తపెండ్లికూఁతురు దించుకొనిన లజ్జ. ఆటిజముగలవా రనేకులు, ఎదుటివాని కన్నులలోనికిఁ జూచుచు నతని మాట వినుట తమకు దుస్సాధమనియు, వినుటకొఱకే చూపు మరల్చుకొందుమనియు వ్రాసియున్నారు. అట్లగుటచేఁ జూపు మరల్చుట యనాదరమునకు హేతువుగాఁ జూపఁబడినచో నది సవ్యభిచారహేతువు, హేత్వాభాసము. ఆదరమునందే యది సంభవించుచుండఁగా నాదరాభావమును సాధించు టెట్లు?

తక్కిన రసవిఘ్నములలో రెండు ప్రకృతమున మిగుల నుపయోగించును. నిజసుఖదుఃఖాదులచే వివశుఁడైన ప్రేక్షకునకు రసము తోఁపదనుట యొకటి. దీపముల వెలుఁగు, గుంపుల రొద, వస్త్రముల యొరపిడి తక్కినవారికిఁ దోఁపనంత తీవ్రముగా దోఁచువానికి సభలో నెదుటివాని భావమునకు మనసిచ్చుట కెట్లు తీఱిక గలుగును? అది హృదయాభావము గాదు, వివశత్వము. ప్రతీతికిఁ దగిన యుపాయములు లోపించుట రెండవది. అమెరికాయందలి పశుశాస్త్రజ్ఞురాలు టెంపుల్ గ్రాండిన్ దీనికి మంచి నిదర్శనము. 1947లోఁ బుట్టిన యామె, బాల్యమునఁ దన్నెవ్వరైనఁ గౌఁగిలించుకొన్న నా స్పర్శను తాళలేకపోయెను. స్పర్శను గోరనిది మాత్రము గాదు. బంధువురాలి పశుక్షేత్రమునఁ బశువులను నొక్కిపట్టు చట్రమును జూచి, తనకుఁ దగినట్లు నొక్కెడు యంత్రము నొకదానిని గల్పించుకొనెను. దానివలన శాంతిని బొందిన పిమ్మటనే పిల్లిని మృదువుగా నిమురుట తనకుఁ దెలిసెనని యామె వ్రాసినది. భావము లోపలనే యున్నది. దానికిఁ దగిన ద్వారము వేఱుగా నుండెను.

నాట్యశాస్త్ర మభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికమని నాలుగు విధములుగా విభజించినది. ఇందు దోషమెచ్చట నున్నదో నేఁటి పరిశోధన చూపినది. నోవా శాసన్ మొదలగువారు 2017వ సంవత్సరమునఁ బ్రకటించిన పరిశీలనమున, ఆటిజము గలవారి స్వల్పకాలవ్యవహారమును జూచినవారును వినినవారును క్షణకాలములోనే వారిని దక్కినవారికంటెఁ దక్కువగా నెంచి, వారితోఁ గూడియుండుటకు వెనుదీసిరి. అదే సంభాషణమునందలి మాటలు మాత్రము వ్రాసియిచ్చి చదివించినప్పుడు ఆ భేదము తొలఁగిపోయెను. మాటయందు లోపములేదు, చెప్పు తీరును జూచి చెప్పినవానిని నిరాకరించిరన్నమాట. 2016లో ఎడీ మొదలగువా రాటిజము గలవారిచేఁ ద్రికోణాకృతులను గదలింపించి, యా కదలికలచే వారు సూచించిన భావము నూహింపుఁడని తక్కినవారి నడుగఁగా, వీరు తమవంటివారి కదలికలయందుఁ జూపిన నేర్పు నచ్చటఁ జూపలేకపోయిరి. మనోంధత్వమను పేరు పెట్టవలసినచో నా పే రుభయులకును జెల్లును.

౫. అభిధను లక్షణగాఁ జదువుట

ఆటిజము గలవారు వాక్యమున వాచ్యార్థమునే గ్రహింతురనియు, వ్యంగ్యము నెఱుఁగరనియు నొక యాక్షేపము గలదు. అది కొందఱియందు, కొన్నియెడల నిజమే. కాని దీని రెండవ ముఖమును జూడవలెను. లక్షణకు ముఖ్యార్థబాధము, ముఖ్యార్థసంబంధము, రూఢిప్రయోజనములలో నొకటి కావలెనని నియమము. గంగయందు గొల్లపల్లె యుండుట పొసఁగదు గనుకనే తీరమను నర్థము గ్రహింపఁబడును. పొసఁగుచుండఁగా లక్షణ నాశ్రయించుట దోషము.

ఒక విద్యార్థి లేచి, ‘అయ్యా, నల్లబల్లమీఁద రెండవ పంక్తిలోఁ దప్పున్నది’ అనెననుకొనుఁడు. ముఖ్యార్థమునకు బాధ యేమియు లేదు. పంక్తిలో నిజముగాఁ దప్పున్నది. ఐనను వినినవాఁడు ‘నన్నుఁ బరిహసించుచున్నాఁడు’ అని వ్యంగ్యమును గల్పించుకొని కోపించును. ఇచ్చట శాస్త్రమును మీఱినవాఁ డెవ్వఁడు? అభిధతోఁ బలికిన బాలుఁడు గాఁడు. ‘నేఁటి పాఠ మెట్లున్నది’ యని యడిగినవాఁడు ప్రశంసను గోరునేని, ‘దీర్ఘముగా నున్నది’ యని చెప్పినవానియందుఁ గ్రౌర్యము నారోపింపరాదు. వ్యంగ్యము నందుకొనలేకపోవుట యొకని లోపమైనచో, లేని వ్యంగ్యమును గల్పించుట రెండవవాని లోపము. ఈ రెండవదాని కిన్నాళ్లు పేరే లేకుండెను.

౬. పరీక్షయు నాక్షేపములును

మిల్టన్ పక్షమును బరీక్షించుటకుఁ బ్రయోగములు జరిగినవి. ఎడింబరో పరిశోధకులలో క్రాంప్టన్ మొదలగువారు 2020లోఁ బ్రకటించినదానిలో 72 మందిని ఎనమండుగురేసి చొప్పునఁ దొమ్మిది పంక్తులుగాఁ గూర్చిరి. మొదటివానికిఁ జెప్పిన కథ రెండవవానికి, వానినుండి మూఁడవవానికి నట్లు క్రమముగాఁ బోవలెను. అందఱు నాటిజము గలవారేయైన పంక్తిలోఁ గథ, అందఱును లేనివారైన పంక్తిలోవలెనే నిలిచెను. ఇరుతెగలవారును గలసిన పంక్తిలో వేగముగా సడలిపోయెను. అచ్చట సాంగత్యప్రీతియుఁ దగ్గెను. తన కృతి నెఱుఁగు సమానధర్ముఁ డెన్నఁడైనఁ బుట్టునని భవభూతి యాశించుటలోని మర్మ మిదియే: సంవాదమునకు ధర్మసామ్యము సులభమార్గము.

ఐనను సిద్ధాంత మింతటితో సుస్థిరమయ్యెనని గంతులు వేయరాదు. ఆ పరిశోధకులే 311 మందితో నదే ప్రయోగమును విస్తరించి 2025లోఁ బ్రకటించిరి. ఈసారి కథాప్రసారమునందుఁ గలసిన పంక్తులకును గలయని పంక్తులకును జెప్పుకొనఁదగిన భేదము గనఁబడలేదు. సాంగత్యప్రీతి ఆటిజము లేనివారి పంక్తులలోనే హెచ్చుగా నుండెను. పూర్వఫలమును దామే ప్రశ్నించుకొనిన యా పరిశోధకుల నిష్ఠ ప్రశంసనీయము. ఈ ఫలముచే రెండు విషయములు తేలుచున్నవి. వార్త నందించుట, భావము నెఱుఁగుట, కూడియుండుటలోఁ బ్రీతి యను మూఁడును వేర్వేఱు. మిల్టన్ మతానుయాయులు కొందఱు వీని నొక్కటిగాఁ గలిపి మాటలాడుట యుక్తముగాదు. ఆటిజము గలవారు వార్త నందింపఁజాలరను పాతమాట మాత్రము రెండు ప్రయోగములందును నిలువలేదు.

ఆ రెండవ ప్రయోగమున మఱియొక యంశము గలదు. విమర్శకులు దానిని జాలినంతగాఁ గొనియాడలేదు. ఎదుటివానికి ఆటిజము గలదో లేదో ముందుగాఁ దెలిపినప్పుడు కథాప్రసారమును సాంగత్యప్రీతియు రెండును వృద్ధిపొందెను. తెలివిడి కలుగఁగనే సంవాదము హెచ్చినది. సహృదయుఁడు పుట్టుకచే మాత్రమే కాఁడు, కావ్యానుశీలనాభ్యాసముచే మనోముకురము నిర్మలమై యగునని యాలంకారికులు చెప్పిన దానికి నిది యనుగుణముగా నున్నది. సమానధర్మత్వము లేనిచోట వ్యుత్పత్తి యా కొఱఁతను దీర్పఁగలదు. మిల్టన్ వ్యాసము లోపము నిరువురియందుఁ జూపుటతో నెక్కువగాఁ దృప్తిపడినది. అలంకారశాస్త్ర మంతకు నొకయడుగు ముందునకుఁ బోయి, లోపము తీఱు మార్గమును గూడఁ జెప్పినది.

ఇంకొక యాక్షేపము. ఆటిజము గలవారందఱు నొక్కతీరువారు గారు. మాటలే రాని బాలురు గలరు. అహోరాత్రములు తోడు కావలసినవారు గలరు. ద్విష్ఠత్వమను మాటతో వారి కష్టములను, వారి తల్లిదండ్రుల శ్రమను గప్పిపుచ్చరాదు. సంబంధము ద్విష్ఠమే యైనను సంబంధు లిరువురును సమానబలులని యర్థము గాదు; రాజును భటుఁడును సమానులా? బలము గలవాఁడు మొదట నడుగు వేయవలెనని మాత్రము దీనివలనఁ దేలును. మాటలు రానిచోట నభ్యాసముయొక్క యావశ్యకత మఱియు నధికమగునుగాని తగ్గదు.

౭. ప్రయోజనము

భాగవతము పంచమస్కంధమున జడభరతుని కథ గలదు. తెలుఁగున నా స్కంధమును గంగన రచించెను. రహూగణుని పల్లకి మోయుటకుఁ బట్టుకొనిపోఁబడిన భరతుఁడు, పాదముక్రింద జీవులు నలుఁగునేమోయని నేలఁ జూచుచు నడచుటచే నతని నడక తక్కిన బోయీల నడకతోఁ గలియదయ్యె. పల్లకి కుదిపెను. బోయీలు క్రొత్తవానిదే తప్పనిరి, రాజు పరిహసించెను. జడభరతునకు ఆటిజము గలదని చెప్పుట యిచ్చట నుద్దేశము గాదు. పురాణపురుషులకు వైద్యనిర్ణయములు చేయుట విమర్శకధర్మము గాదు. గ్రహింపవలసిన దింతియే. కుదుపు నడకల భేదమువలనఁ గలిగినది. భేదము రెండు నడకలకును జెందినది. ఐనను దోషము సంఖ్యచేఁ దక్కువయైన నడకకే యంటఁగట్టఁబడినది. ఆ నడకకుఁ గారణము జాడ్యము గాక కరుణయైయుండెను. రాజునకు సత్యము దెలిసినది బోయీల మాటవలనఁ గాదు. పల్లకి దిగి యతనినే యడుగుటవలన.

భారతదేశమున 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల శాసనము ఆటిజమును దాను పేర్కొన్న యిరువదియొక విధములలోఁ జేర్చి, యిట్టి బాలురకుఁ దక్కినవారితోడఁ గలసి చదువుకొను హక్కు నేర్పఱచినది. తరగతిలోఁ గూర్చుండుటకుఁ జోటు శాసన మీయఁగలదు, సంవాదము నీయఁజాలదు. అది పండితుని చేతిలోని పని. కన్నులు దించుకొనినవానిని వినుటలేదని యెంచక, వినెనో లేదో ప్రశ్నించి తెలిసికొనుట, సూటిగాఁ బలికినవాని మాటకు ముఖ్యార్థమే గ్రహించుట, మౌఖికపరీక్షయందు నోట రాని సమాధానమునకు వ్రాఁతయందుఁ జోటిచ్చుట, రొద తగ్గించుట, తన యభిప్రాయమును వ్యంగ్యముగాఁ గాక వాచ్యముగాఁ జెప్పుట. ఇవి కష్టసాధ్యములు గావు. ఒక శ్లోకమున నన్వయము కుదురనప్పుడు కవిని నిందింపక, పదవిభాగమును మార్చి, యధ్యాహారమును జేసి, కోశమును దిరుగవేసి, యర్థము దొరకువఱకు శ్రమించుట పండితుల కలవాటైన పనియే. కాళిదాసునకుఁ జూపు నాయోపిక యెదుటఁ గూర్చున్న బాలునకుఁ జూపుట యన్యాయము గాదు.